పుస్తకపఠనమునకు బహుమానమేల?

పిల్లలకు పుస్తకపఠనమునం దాసక్తి కలిగించుటకై మన పాఠశాలలో ఒక పోటీ పెట్టవలెనని కొందఱు తలిదండ్రులు కోరుచున్నారు. ఎవరెన్ని పుస్తకములు చదివిరో లెక్కించి, వార్షికోత్సవమునాడు దీపముల వెలుగులో, వాద్యములు మ్రోగుచుండగా, కవరు చించి పేరు చదివి, గెలిచినవానిని వేదికపైకి పిలువవలెనట. టెలివిజనులో చలనచిత్ర బహుమానోత్సవము లెట్లు జరుగునో అట్లే జరుపవలెనని వారి యభిలాష. వారి సదుద్దేశమును మేము శంకింపము. అయినను ఈ సూచనకు మేము సమ్మతింపజాలము.

అట్టి యుత్సవములు చూచుట పాపమని చెప్పువారము కాము. 2023వ సంవత్సరము మార్చి 13వ తేది ఉదయమున లాస్ ఏంజెలిసు నగరమునుండి ఆస్కారు ఉత్సవము ప్రసారమై, 'నాటు నాటు' అను తెలుగుపాటకు బహుమానము వచ్చినప్పుడు మేమును మిక్కిలి సంతోషించితిమి. ఆ దినము సోమవారము. ప్రార్థనకు ఆలస్యముగా వచ్చినవారిని ఆ యొక్కనాటికి మేము గద్దింపలేదు. కాని ఆ యుత్సవపు చరిత్రను కొంచెము చూడుడు. 1929లో ఆ బహుమానములు మొదటిసారి ఇచ్చినప్పుడు గెలిచినవారి పేర్లు ముందే ప్రకటింపబడియుండెను. ఒక హోటలులో విందు ముగిసిన పిదప పదియేను నిమిషములలో పంపకము పూర్తియయ్యెను. 1953లో టెలివిజనునం దది చూపనారంభించిరి. నేడది మూడుగంటలకు పైబడి సాగుచున్నది. ఇచ్చెడి పని చిన్నది. చూపెడి వేడుక పెద్దదైనది. 'నాటు నాటు' పాటలో తొమ్మిదివంతులు ఒక్క పూటలో వ్రాసితిననియు, మిగిలిన యొక్క వంతునకు పందొమ్మిది నెలలు పట్టినదనియు కవి చంద్రబోసుగారే చెప్పియున్నారు. ఆ పందొమ్మిది నెలలు ఏ టెలివిజనునందును కానరావు. ఆయన 2024లో తన స్వగ్రామమగు చల్లగరిగెలో గ్రంథాలయమును కట్టించిరి. అందు కూర్చుండి చదువుకొను బాలునికి కవరును లేదు, చప్పట్లును లేవు.

ఇక పఠనమునకు బహుమానము పెట్టినచో ఏమగునో ఆలోచింతము. బాలుడు సన్నని పుస్తకములనే ఏరుకొనును. నచ్చిన పుస్తకమును రెండవమాఱు చదువుట నష్టమని తలచును. నచ్చనిదానిని నడుమ విడిచిపెట్టు స్వాతంత్ర్యమును గోల్పోవును. చదువుచు చదువుచు పుట మూయక కిటికీవైపు చూచి ఆలోచించుట యున్నదే, పఠనములోని యసలు సుఖమది. లెక్కల పుస్తకములో దానికి గడి లేదు. పాఠ్యపుస్తకముల కన్నిటికిని మార్కులున్నవి. కథాపుస్తక మొక్కటే ఇంతవఱకు లెక్కకు చిక్కక మిగిలియున్నది. దానినిగూడ పట్టి తూచుదమా?

పదవతరగతి పరీక్షలు ముగిసిన వారములోనే పుస్తకములను పాతకాగితములవానికి అమ్మివేయుట మన యూళ్లలో వాడుకయై యున్నది. మార్కులకై చదివినది మార్కులతోనే తీరిపోయినదని పిల్లలు తలచుటలో వింతయేమి? కాని బడి విడిచిన పిమ్మటనే అసలైన చదువు మొదలగును. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. భారతదేశమున నట్టివానిలో అదియే మొదటిది. నేడది అంబేద్కరుగారి పేర బరగుచున్నది. పగలెల్ల పనిచేసికొను గుమాస్తాలును, గృహిణులును ఇంటనుండి చదివి పట్టము పొందుటకు అది దారి చూపినది. అయితే రాత్రి భోజనమైన పిదప, మెచ్చుకొనువారెవరును లేనిచోట, ఒంటరిగా పుస్తకము తెఱచి కూర్చుండు అలవాటు లేనివానికి ఆ దారి తెఱచియున్నను మూసియున్నట్లే. ఆ యలవాటు కథలవలనను, ప్రయాణగ్రంథములవలనను, జీవితచరిత్రలవలనను చిన్ననాడే పడవలెను.

రావూరి భరద్వాజగారు పేదరికముచే ఉన్నతపాఠశాల చదువైనను పూర్తిచేయలేకపోయిరి. శరీరకష్టము చేయుచునే చదువుకొనిరి, వ్రాసిరి. సినిమా ప్రపంచపు తళుకుల వెనుకనున్న బ్రదుకును 'పాకుడురాళ్లు' అను నవలలో చిత్రించిరి. 2012వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ప్రకటింపబడునాటికి వారి వయస్సు ఎనుబదియైదేండ్లు. బహుమానముకొఱకే చదివియుండినచో నంతకాలము చదివియుండెడివారా?

"బహుమానము లేనిదే పిల్లలు చదువరండీ" అని తలిదండ్రులు మాతో ననుచుందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. మొదటి యడుగునకు కొందఱికి ఊత కావలెను. అయ్యా, అమ్మా, మేము మిమ్మొకటి యడుగుదుము. రాత్రి ఎనిమిది గంటలకు మీ యింటిలో పెద్దవారి చేతిలో నేముండును? తండ్రి సెల్ ఫోను చూచుచు కుమారుని "పుస్తకము చదువుకో" యని గద్దించినచో, చదువనునది చిన్నవారికి విధించిన శిక్షయనియు, పెద్దయైన తోడనే దాని నుండి విడుదల కలుగుననియు ఆ బిడ్డ గ్రహించును. ఇందు ఉపాధ్యాయులకును మినహాయింపు లేదు. పాఠ్యపుస్తకము తప్ప మఱియొకటి ముట్టని ఉపాధ్యాయుని పిల్లలు వెంటనే పోల్చుకొందురు.

కావున మా ప్రతిపాదన యిది. పోటీకిని, కప్పులకును, దీపాలంకరణమునకును కాబోవు ధనముతో పుస్తకములు కొనవలెను. వారమున కొక గంట పిల్లలు తమకు నచ్చినది చదువుకొందురు; ఆ గంటలో ఉపాధ్యాయులును తమ పుస్తకము చదువుకొందురు గాని నోటుబుక్కులు దిద్దరు. వేసవిసెలవులలో మంగళ, శుక్రవారముల ఉదయమున ఎనిమిది మొదలు పదిగంటలవఱకు గ్రంథాలయపు గది తెఱచియుంచుటకు మేము సిద్ధముగా నున్నాము. తలిదండ్రులును వచ్చి పుస్తకములు తీసికొనిపోవచ్చును. సారాంశము వ్రాసి తెమ్మని ఎవరినీ అడుగము. ఎన్ని చదివితివని అడుగము. చిరిగిన పుట నతికించుటకు జిగురు మాత్రము బల్లమీద నుండును.