బోను ఒక్కటే చాలదు
అలిపిరి నడకదారిలో పిల్లల భద్రతపై తేలని ప్రశ్నలు

తిరుపతి: అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దారి. మొక్కుబడి ఉన్న కుటుంబాలు చంటిపిల్లలను చంకన వేసుకుని, పెద్దవారిని చేయిపట్టి నడిపించుకుంటూ ఈ దారిన కొండ ఎక్కడం తరతరాలుగా వస్తున్నదే. తలపైన కప్పు, పక్కన కాఫీ కొట్లు, దారి పొడవునా విద్యుద్దీపాలు ఉండడంతో తాము నడుస్తున్నది అడవిలోనన్న సంగతి చాలామందికి తట్టదు. 2023లో ఏడు వారాల వ్యవధిలో జరిగిన రెండు సంఘటనలు ఆ సంగతిని కఠోరంగా గుర్తుచేశాయి.

ఆ ఏడాది జూన్ 22 రాత్రి ఏడవ మైలు సమీపంలో ఒక చిన్న బాలుణ్ణి చిరుతపులి నోట కరచుకుని పొదల్లోకి లాక్కుపోయింది. జనం కేకలు వేస్తూ వెంటపడగా వదలి పారిపోయింది. బాలుడు గాయాలతో బతికి బయటపడ్డాడు. ఆగస్టు 11 రాత్రి మాత్రం అదృష్టం కలిసిరాలేదు. తల్లిదండ్రులతో కొండ ఎక్కుతున్న ఆరేళ్ల బాలిక లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంతంలో కనిపించకుండా పోయింది. మరునాటి ఉదయం అడవిలో ఆమె మృతదేహం దొరికింది.

ఆరు చిరుతలు పట్టివేత

దీనితో అధికార యంత్రాంగం హడావుడిగా కదిలింది. అటవీశాఖ వారు దారి పొడవునా కెమెరాలు అమర్చి, బోనులు పెట్టారు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మొత్తం ఆరు చిరుతలు చిక్కాయి. దేవస్థానం వారు 15 ఏళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తరవాత నడకదారిలోకి అనుమతించరాదని నిర్ణయించారు. భక్తులను గుంపులుగా పంపడం, చేతికర్రలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తరవాత వయోపరిమితిని 12 ఏళ్లకు సవరించినా, రెండు గంటల నిబంధనను కొనసాగించారు.

ఇవన్నీ తప్పనిసరి చర్యలే. అయితే బోనులో పడిన చిరుతల లెక్కను బట్టి దారి భద్రమైందని భావించడం పొరపాటు. ఈ కొండలు 1989లో ఏర్పాటైన శ్రీవెంకటేశ్వర జాతీయ వనంలోనూ, 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంలోనూ భాగం. ఒక చిరుతను తరలిస్తే ఖాళీ అయిన చోటులోకి మరొకటి వచ్చి చేరుతుంది. 2023 తరవాత కూడా ఈ దారిలో చిరుతలు కనిపిస్తూ ఉండడమే ఇందుకు తార్కాణం.

జున్నర్ నేర్పిన పాఠం

మహారాష్ట్రలోని పూనా జిల్లా జున్నర్ ప్రాంత అనుభవం ఈ సందర్భంలో గమనించదగింది. అక్కడ 2001 నుంచి చిరుతలను పెద్దఎత్తున పట్టి వేరేచోట్ల వదిలారు. అంతకుముందు ఏటా సగటున 4గా ఉన్న దాడులు 2001-2003 మధ్య 17కు పెరిగాయని పరిశోధకులు లెక్కతేల్చారు. తెలియని చోట వదిలిన జంతువు బెదిరి మరింత ప్రమాదకరంగా మారవచ్చు. అందుకే కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2011లో ఇచ్చిన మార్గదర్శక సూత్రాల్లో, పట్టి వదలడం మీదనే ఆధారపడవద్దని సూచించింది. మనిషిని చంపిన జంతువును తొలగించడం వేరు, కనిపించిన ప్రతి చిరుతనూ పట్టుకోవడం వేరు.

ఎర వేస్తున్నది ఎవరు?

చిరుత ఈ దారికి వస్తున్నది మనిషి కోసం కాదు. కుక్కలు, అడవిపందులు, జింకలు దానికి ఆహారం. దారి పక్కన పారేసిన ఎంగిలి విస్తళ్లు, పండ్ల తొక్కల కోసం కుక్కలు, పందులు చేరతాయి. భక్తులు ముచ్చటపడి పెట్టే దోసకాయ ముక్కలకు జింకలు కంచె దగ్గరకు వస్తాయి. వాటి వెనుకనే పొదల చాటున చిరుత వస్తుంది. మసక చీకటిలో పెద్దల చేయి వదలి పరుగెత్తే పిల్లవాడు దాని కంటికి ఒక చిన్న జంతువుగానే కనిపిస్తాడు.

జంతువులకు ఆహారం పెట్టవద్దని దేవస్థానం అప్పుడే హెచ్చరించింది. హెచ్చరిక బోర్డుతో పని పూర్తి కాదు. సాయంత్రం చీకటి పడకముందే ప్రతిరోజూ కొట్ల వద్ద చెత్త ఎత్తివేయడం, దారికి ఇరువైపులా తుప్పలు కొట్టడం నిరంతరం జరగవలసిన పనులు. వీటికి బోనుకు వచ్చినంత ప్రచారం రాదు గాని, ఫలితం ఎక్కువ.

రెండు గంటల తరవాత?

మరొక సమస్య కూడా ఉంది. ఎండకు జడిసి సాయంత్రం చల్లబడ్డాక మెట్లు ఎక్కడం భక్తులకు అలవాటు. దూరప్రాంతాల నుంచి రైల్లోనో, బస్సులోనో వచ్చే కుటుంబం స్నానాలు, భోజనాలు ముగించుకుని అలిపిరి చేరేసరికి రెండు దాటడం మామూలే. అప్పుడు పిల్లలున్నవారి ముందు రెండే దారులు: మొక్కు వదులుకుని బస్సెక్కడం, లేదా మర్నాటి తెల్లవారుజాము వరకు ఆగడం. గది అద్దె ఇచ్చుకోగలవారికి ఇది ఇబ్బంది కాదు. పిల్లలతో చెట్టుకిందో, మండపంలోనో రాత్రి గడపవలసిన పేద కుటుంబానికి మాత్రం కష్టమే. నిబంధన న్యాయమైనదే. దానిని పాటించే కుటుంబాలకు అలిపిరి వద్ద ఒక రాత్రి ఉచితంగా తలదాచుకునే చోటు చూపినప్పుడే అది సక్రమంగా అమలవుతుంది.

దారికి రెండువైపులా ఎత్తైన కంచె వేయాలన్న కోరిక కూడా బలంగా వినిపించింది. పిల్లలను పోగొట్టుకున్న బాధలో ఈ కోరిక సహజమే. కాని అడవి మధ్యగా వెళ్లే దారిని ఆసాంతం మూసివేస్తే జంతువుల రాకపోకలు తెగిపోతాయి. అవి ఘాట్ రోడ్లమీదికో, తిరుపతి శివార్లలోకో మళ్లే ప్రమాదముంది. అవి దాటేందుకు వీలు కల్పించకుండా వేసే కంచె సమస్యను ఒకచోటు నుంచి మరొకచోటికి మార్చడమే అవుతుంది.

నడకదారి భద్రత అటవీశాఖ ఒక్కదానిదీ కాదు, దేవస్థానం ఒక్కదానిదీ కాదు. కొట్ల యజమానులకూ, భక్తులకూ ఇందులో వంతు ఉంది. చెత్త అడవిలో పడకుండా, జింకకు చేతితో తినిపించకుండా, పొద్దువాలాక చంటివాణ్ణి దారిలో దింపకుండా ఉంటే చిరుత తన అడవిలో తాను ఉంటుంది. పిల్లలు క్షేమంగా కొండ చేరతారు.