పొద్దున చూసినవాళ్ల తీర్పు

దుమ్ములగొండి అనగానే బళ్లో పిల్లలు ఏమంటారు? దొంగ అంటారు, పిరికిది అంటారు, సింహం ఎంగిలి తినేది అంటారు. కథలూ సినిమాలూ నేర్పిన పాఠం అది. ఆ పాఠం తప్పు. ఆ తప్పుతో మనకూ పని ఉంది.

ఆఫ్రికాలో తెల్లవారి చూసినవాళ్లకు కళేబరం మీద సింహం, చుట్టూ కాచుకున్న మచ్చల దుమ్ములగొండులు కనిపించేవి. వేట సింహానిదే అనుకున్నారు, చుట్టూ నిలబడ్డవి దొంగలన్నారు. 1960లలో హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త టాంజానియాలోని గొరొంగోరోలో రాత్రుళ్లు వాటి వెంట తిరిగాడు. చాలాసార్లు వేటాడింది దుమ్ములగొండులు, గుంజుకున్నది సింహం! అవి గుంపు కట్టి బతుకుతాయి. పెత్తనం ఆడవాటిది. తల్లి హోదా పిల్లకు వస్తుంది. పిల్లలకు ఏడాదికి పైగా పాలిస్తాయి.

మన దేశంలో ఉన్నది చారల దుమ్ములగొండి. అది ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుంది. చచ్చిన గొడ్డును ఎముకలతో సహా తిని ఊరి బయలు శుభ్రం చేస్తుంది. దానికి ఊరిచ్చే కూలి అసహ్యం.

మేం మనల్ని జంతువుతో పోల్చడం లేదు. చూడకుండా పేరు పెట్టే చేతిని ప్రశ్నిస్తున్నాం. తెల్లదొరలు 1871లో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులన్నారు. 1911 చట్టంతో ఆ ముద్ర మద్రాసు రాష్ట్రంలోని ఎరుకల గడపలకు వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటుగా పుట్టింది. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. 1991లో అదే ఊరి పేరు, పక్కన పోలీస్‌స్టేషన్ తగిలించుకుని, సినిమా టైటిలయింది. చట్టం పోయినా ముద్ర పోలేదు. తెనాలి, రేపల్లె పొలాల్లో బొరియకు పొగబెట్టి ఎలుకలు పట్టి, రైతు గింజ కాపాడే యానాదికీ దక్కుతున్నది అసహ్యపు కూలే.

క్రూక్ రాత్రిపూట వెళ్లింది చూడడానికి. మన గుడిసెలకు వచ్చినవాళ్లు హాజరు వేసుకోవడానికే వచ్చారు, మన బతుకు చూడడానికి కాదు.

అయ్యవార్లూ, అమ్మగార్లూ! దుమ్ములగొండి పాఠం వచ్చినప్పుడు ఈ కథ కూడా చెప్పండి. పిల్లవాడు తన ఊరి పేరు చెప్పినప్పుడు క్లాసు నవ్వితే, ఆ నవ్వును అక్కడే ఆపండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇక చూడాల్సిందీ రాయాల్సిందీ మనమే. ఈ రాత్రే మీ అవ్వ పక్కన కూర్చోండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి. పొద్దున వచ్చి తీర్పు చెప్పేవాళ్ల ముందు ఆ కాగితం పెడదాం.