ట్రెడ్‌మిల్ మీద తువ్వాళ్లు
మా నాన్నగారు రిటైరయ్యాక వచ్చిన సొమ్ములోంచి ట్రెడ్‌మిల్ కొన్నారు. మూడు వారాలు నడిచారు. ఇప్పుడు దానిమీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. యంత్రం బాగానే ఉంది సుమండీ, తోడు లేక ఆయనకే విసుగొచ్చింది!

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని. నడకకు కరెంటు బిల్లెందుకు? కండలకు మన దండీలు, బస్కీలు ఎక్కడికి పోయాయి? వీధిలో నడవడానికి జంకే ఆడపిల్లలకు ఇంట్లో సైకిల్ మేలే, కాదనను. కానీ వాళ్లకైనా, మనకైనా కాలేజీ గ్రౌండు ఉందిగా! సాయంత్రం అయిదింటికే దానికి తాళం. యూనియన్ మిత్రులారా, ఆ గేటు ఏడింటిదాకా తెరిపించండి. నాన్నగారిని నేను తీసుకొస్తాను.