దొంగచాటు రికార్డులే ముద్దు



జాజ్ పియానో విద్వాంసుడు ఆర్ట్ టాటమ్ మీద గత సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ ‘ఇంటి రికార్డులు చెత్త, నిర్మాత నార్మన్ గ్రాంజ్ స్టూడియోలో చేయించినవి చాలు’ అన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు.

గ్రాంజ్ రికార్డులను తక్కువ చేయడం లేదు. 1953 డిసెంబరులో రెండే రోజుల్లో దాదాపు 70 పాటలు వాయించిన మనిషి మరొకరు ఉన్నారా? అయితే అక్కడ ఎదురుగా ఉన్నది మైకే, జనం కాదు. 1940-41లో జెర్రీ న్యూమన్ అనే కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి, మోసుకెళ్లగలిగే డిస్కు రికార్డింగ్ యంత్రంతో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో తెల్లవార్లూ నడిచే క్లబ్బులకు వెళ్లి టాటమ్‌ను రికార్డు చేశాడు. అక్కడి పియానోలు అంతంతమాత్రం. గ్లాసుల చప్పుడు, మాటలు, మధ్యమధ్య కేకలు. టాటమ్ పాడడం కూడా అందులోనే దొరుకుతుంది! ‘టొలీడో బ్లూస్’ వినండి. గొంతు గొప్పదేం కాదు, ఆ హాయి మాత్రం ఏ స్టూడియోలోనూ లేదు.

టాటమ్ అలంకారాలన్నీ ముందే కుదుర్చుకున్నవని వ్యాసకర్త అన్నారు. కొన్ని పాటల విషయంలో అది నిజమే. ఏళ్ల తరబడి ఒకే నమూనా కనిపిస్తుంది. కానీ ఆ సంగతి తేల్చాలన్నా ఇలాంటి రికార్డులే కదా ఆధారం? 1955లో హాలీవుడ్ సంగీత దర్శకుడు రే హైన్‌డార్ఫ్ ఇంటి విందులో వాయించినవాటిని స్టూడియోవాటి పక్కన పెట్టి వింటే ఏది స్థిరమో, ఏది అప్పటికప్పుడు పుట్టిందో తెలుస్తుంది.

న్యూమన్ డిస్కులు 1973లో ‘గాడ్ ఈజ్ ఇన్ ద హౌస్’ పేరిట ఎల్‌పీగా వచ్చి గ్రామీ గెలుచుకున్నాయి. టాటమ్ పోయి అప్పటికి 17 ఏళ్లు. చెత్తకు గ్రామీ ఇవ్వరనుకుంటాను.

– ఒక పాఠకుడు, విజయవాడ