నీలి చీటి అడిగినట్లే దీనినీ అడుగుడు

విత్తన వేరుశనగ కొనునపుడు సంచికి ధ్రువీకరణ నీలి చీటి కలదా యని చూచెదరు. బోరు మోటారును ఇంటినుండియే నడుపు వైర్‌లెస్ రిమోటును, మందు చల్లు డ్రోనును కొనునపుడు మాత్రము ధర యొక్కటే అడుగుట చూచుచున్నాను. ఇది చాలదని నా అభిప్రాయము.

ఇవి చిన్న పరికరములైనను రేడియో తరంగములను పంపునవే. చెరువు నీటికి వంతులున్నట్లే తరంగములకును వంతులు కలవు. వీనిని చూచుటకు కేంద్ర టెలికాం శాఖ క్రింద 1952 నుండి వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగము పనిచేయుచున్నది. 865 నుండి 868 మెగాహెర్ట్‌జ్ వరకు, 2.4 గిగాహెర్ట్‌జ్ వంటి కొన్ని బ్యాండులలో, నిర్ణీత శక్తికి మించనిచో వాడువారికి లైసెన్సు అక్కరలేదు. అయితే తయారుచేసినవారో, దిగుమతి చేసినవారో ఆ పరికరమునకు ఇ.టి.ఎ. అను ఆమోదమును పొందియుండవలెను. కావున "లైసెన్సుతో పనిలేదు" అను వర్తకుని మాట సగమే నిజము.

ఆమోదము లేనిదాని వలన నష్టమేమి? హద్దుమీరిన శక్తితో పంపు రిమోటు పొరుగువారి సంకేతములకు అడ్డుతగులును. ఆపుమను సంకేతము చేరకున్నచో, నీరు అడుగంటిన బోరులో మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోవును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు మన జిల్లాలో, వేసవిలో మోటారు కాలినచో చీనీ తోట గతి యేమగునో మీకు చెప్పనక్కరలేదు.

నీలి చీటి మొలకకు, శుద్ధతకు హామీయే గాని దిగుబడికి కాదు. అట్లే ఈ ఆమోదము తరంగముల మర్యాదకు సంబంధించినదే గాని పరికరపు మన్నికకు పూచీ కాదు. ఆమోదము పొందిన రిమోటైనను, మోటారును ముట్టుటకు ముందు ఫ్యూజు తీసితీరవలెను.

అయినను ఈ భారమంతయు రైతుపై మోపుట న్యాయము కాదు. పత్రము చూపవలసినది అమ్మువాడు. ఇ.టి.ఎ. సంఖ్య లేని రేడియో పరికరమునకు రాయితీ ఈయరాదని కూడ నా అభిప్రాయము. మీరు చేయవలసినది ఒక్కటే: ఆ సంఖ్యను, పరికరపు మోడలును బిల్లుపై వ్రాయించుకొనుడు. వ్రాయుటకు వెనుకాడు అంగడిలో కొనకుడు.