అయిదేళ్ల పిల్ల చేసే పనా ఇది?

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో ‘జునో’ను ఆకాశానికెత్తిన వ్యాసం చదివాక ఈ పాఠకురాలికి మధ్యాహ్నం కునుకు పట్టలేదు. పదహారేళ్ల పిల్ల గర్భం దాల్చి, బిడ్డను దత్తతకివ్వడం మీద తీసిన హాస్యచిత్రం మీ విమర్శకుడికి నచ్చితే ఎవరికీ అభ్యంతరం లేదు. సగం సినిమా ఈమెకూ నచ్చింది. నాలుగున్నర నక్షత్రాలు కూడా సరే, ఆయన చేతి చలవ. కానీ సినిమా మొత్తానికి మకుటాయమానమైన ఘట్టమని ఆయన ఎంచి చూపించిన సీను ఉందే, దాని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఆమెకు అన్నం సహించేలా లేదు.

అదే, స్కానింగ్ గదిలో సీను. జునో బల్ల మీద పడుకుని ఉంటుంది. సవతి తల్లి బ్రెన్, స్నేహితురాలు లియా పక్కనుంటారు. బిడ్డను పెంచుకునేవాళ్లు వేరే ఉన్నారని తెలియగానే అల్ట్రాసౌండ్ టెక్నీషియన్ ‘హమ్మయ్య’ అంటుంది. ఇలాంటి చిన్నపిల్లల చేతుల్లో బిడ్డలు పెరగడం మంచిది కాదన్నట్టు మాట్లాడుతుంది. బ్రెన్‌కు ఒళ్లు మండుతుంది. మండాల్సిందే. అయితే ఆమె ఏమని దులిపేస్తుంది? నువ్వు చేసే ఈ పని మా అయిదేళ్ల పిల్ల కూడా చేస్తుంది, రాత్రి బడికి వెళ్లి ఏదైనా అసలైన పని నేర్చుకో పొమ్మంటుంది. హాలంతా చప్పట్లు. మీ విమర్శకుడూ కొట్టే ఉంటారు.

ఈ పాఠకురాలు అమెరికాలో ఆ పనే చేస్తుంది. సోనోగ్రాఫర్ అంటారు. గుంటూరు నుంచి బీఎస్సీ పట్టా పట్టుకుని హెచ్-4 వీసా మీద వచ్చిన రోజుల్లో ఆమె చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. భర్త ఆఫీసు నుంచి రాగానే పిల్లల్ని ఆయనకు అప్పగించి, కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకు పరిగెత్తేది. అదే, సినిమాలో ఎగతాళి చేసిన రాత్రి బడి! ఆ క్లాసులో ఉన్నవాళ్లు పగలు కిరాణా దుకాణాల్లో గల్లాపెట్టె దగ్గర నిలబడి వచ్చినవాళ్లు, నర్సింగ్ హోముల్లో ముసలివాళ్లకు స్నానాలు చేయించి వచ్చినవాళ్లు. ధ్వని తరంగాల మీద ఫిజిక్స్ పరీక్ష ఒకటి, ప్రసూతి స్కానింగ్ మీద మరొకటి. రెండూ గట్టెక్కితేనే సోనోగ్రాఫర్ల రిజిస్ట్రీలో పేరు ఎక్కుతుంది. అయిదేళ్ల పిల్లను కూర్చోబెట్టి రాయించండి చూద్దాం.

పని సంగతికొస్తే, ఇరవయ్యో వారం స్కాన్‌లో తల అడ్డుకొలత, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు తీయాలి. గుండెలో నాలుగు గదులూ విడివిడిగా కనిపించాలి. వెన్నుపూసలు వరసగా చూడాలి. లోపలి మనిషి సహకరిస్తేగా! వీపు తిప్పుకుని పడుకుంటే తల్లిని ఎడమకు ఒత్తిగిల్లమని, కుడికి తిరగమని, లేచి కాసేపు నడిచి రమ్మని బతిమాలాలి. ఈ వృత్తిలో భుజం నొప్పి లేనివాళ్లు అరుదు. అన్నిటికన్నా కష్టం వేరే ఉంది. తెర మీద గుండె కదలడం లేదని తెలిసిన క్షణంలో, పక్కనే కళ్లింత చేసుకుని చూస్తున్న తల్లికి ముఖంలో ఏమీ కనబడనీయకూడదు. ఆ కబురు చెప్పాల్సింది డాక్టరు. ఆయన వచ్చేదాకా ప్రోబ్ తుడుస్తూ నిలబడాలి.

ఆ టెక్నీషియన్ నోరు పారేసుకుంది, నిజమే. నిజం ఆసుపత్రిలో అలా మాట్లాడితే సాయంత్రానికి ఫిర్యాదు, మర్నాటికి సంజాయిషీ. ఆ నోటికి బుద్ధి చెప్పొచ్చు. చేతిలో పనిని తీసిపారేయడం దేనికి? పైగా అన్నది ఎవరు? గోళ్లకు రంగులు వేసి బతికే బ్రెన్. ఒక కష్టజీవి చేత ఇంకో కష్టజీవిని తిట్టించి, దాన్ని మాతృప్రేమ ఖాతాలో వేశారు. సినిమా వచ్చిన కొత్తలో ఒక గృహప్రవేశంలో మరిది వరసాయన పకోడీ నములుతూ, “ఏముంది వదినా, జెల్లు రాసి రుద్దడమేగా, సినిమాలో చెప్పేశారుగా” అన్నాడు. అంతమందిలో ఆమె నవ్వి ఊరుకుంది. మీ వ్యాసం పుణ్యమా అని ఆ మాట మళ్లీ చెవిలో పడింది.

సందర్భం వచ్చింది కనుక ఇంకో సంగతి. ఆ వ్యాసాన్ని లేతపసుపు మీద తెల్లక్షరాలతో అచ్చువేసిన మహానుభావుడెవరోగానీ, ఆయన చేతే ఒకసారి పైకి చదివించండి. నడివయసు దాటినవాళ్లే మీ చందాదారులన్న సంగతి ఆయనకు ఎవరైనా చెప్పారా?

సరే, మళ్లీ జునో దగ్గరికి. ‘పెద్ద కంపెనీల నీడ పడని చిన్న సినిమా’ అన్నారు. 2007లో దాన్ని విడుదల చేసిన ఫాక్స్ సెర్చ్‌లైట్ అప్పటి ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్‌కు సొంత బిడ్డ. అంతకు ముందేడు ‘లిటిల్ మిస్ సన్‌షైన్’ను విడుదల చేసిందీ వాళ్లే. దర్శకుడు జేసన్ రైట్‌మన్ ‘గోస్ట్‌బస్టర్స్’ తీసిన ఇవాన్ రైట్‌మన్ కొడుకు. కోటి డాలర్లు కూడా పెట్టని సినిమా ప్రపంచమంతా కలిపి 23 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. రచయిత్రి డయాబ్లో కోడీకి ఆస్కార్ వచ్చింది. విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ఆ ఏడాదికి అదే ఉత్తమ చిత్రమన్నాడు. దిక్కులేని సినిమా అంటే ఇదేనా? అదే 2007లో గర్భస్రావం మీద రుమేనియా దర్శకుడు క్రిస్టియన్ ముంజు తీసిన సినిమా కాన్‌లో అత్యున్నత బహుమతి గెలిచి కూడా ఆస్కార్ నామినేషన్‌కు నోచుకోలేదు. దాని మీద మీ అనుబంధంలో ఒక్క పేరా వచ్చిన గుర్తు లేదు.

ఇక సినిమాలో మాటలు. మొదటి పావుగంటలో జునోనే కాదు, గర్భపరీక్ష కిట్ అమ్మే దుకాణంవాడు కూడా రచయిత్రి గొంతుతోనే చమత్కరిస్తాడు. పంచ్ డైలాగులు మనవాళ్లకు కొత్తా? త్రివిక్రమ్ సినిమాలు నోటికి వచ్చినవాళ్లను వీటితో బోల్తా కొట్టించలేరు. గర్భస్రావాల క్లినిక్ ముందు ఒంటరిగా నిలబడి, నీ బిడ్డకు గోళ్లు కూడా ఉంటాయని జునోతో అరిచే సహవిద్యార్థిని సూచిన్ కూడా ఈ చమత్కారానికి మేతే. (ఆ నెలల్లో గోళ్లు స్కానింగులో కనపడవు. అడిగారు కాదుగానీ చెబుతోంది.)

అయితే మాటలు ఆగిన చోటల్లా సినిమా నిలబడింది. జునో పాత్రలో, ఇప్పుడు ఎలియట్ పేజ్‌గా అందరికీ తెలిసిన నటుడు ఆ ఇరవయ్యేళ్ల వయసులో చూపించిన మొండితనం, బెదురు రెండూ నిజం. తండ్రిగా జె.కె. సిమ్మన్స్ అరవకుండా, కొట్టకుండా కూతురి వంక చూసే చూపుకు వంక పెట్టలేం. బిడ్డను దత్తత తీసుకోబోయే వనెసాగా జెన్నిఫర్ గార్నర్ సరేసరి. షాపింగ్ మాల్‌లో అందరి మధ్యా మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల పొట్టకు ముఖం దగ్గరగా పెట్టి మాట్లాడుతుంది. లోపల బిడ్డ కదలగానే ఆ ముఖంలో వచ్చిన మార్పు ఈ పాఠకురాలు రోజూ చూసేదే. భర్త వదిలిపోయాక కూడా వనెసాకు జునో ఒక పాత రసీదు వెనక రెండు ముక్కలు రాసిచ్చి బిడ్డను ఇస్తుంది. మొదట్లో నవ్వులపాలు చేసిన ఆ శుభ్రత పిచ్చి ఇల్లాలికి సినిమా చివరకు గౌరవం తెచ్చిపెట్టింది. ఆ న్యాయం టెక్నీషియన్‌కు దక్కలేదు. మీ విమర్శకుడు మాల్ సీనును ఒక్క వాక్యంలో దాటేసి, దులిపేసే సీనుకు అర పేజీ ఇచ్చారు.

ఆయన మీద విరుచుకుపడిన మరో పాఠకుడి లేఖ కూడా ఈమె చూసింది, ఇలాంటి సినిమాలే అమెరికా పిల్లల్ని చెడగొట్టాయట. 2008లో మసాచుసెట్స్‌లోని గ్లాస్టర్ హైస్కూల్లో పదిహేడు మంది దాకా అమ్మాయిలు గర్భవతులైనప్పుడు ‘జునో ప్రభావం’ అని పత్రికలు గోల చేసిన మాట నిజమే. కానీ అమెరికాలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో వెయ్యికి ప్రసవాలు 2007లో 41 పైచిలుకు ఉంటే, 2022 నాటికి 14 లోపుకు దిగాయి. సినిమాకు అంత బలమూ లేదు, అంత పాపమూ లేదు.

ఈ పాఠకురాలి లెక్కలో ‘జునో’కు మూడు నక్షత్రాలు. మీ విమర్శకుడు ఎక్కువిచ్చిన ఒకటిన్నరను వెనక్కి తీసుకుని వచ్చే ఆదివారం సవరణ వేయగలరు. దయచేసి నల్లక్షరాల్లో.

ఇట్లు,
ఒక సోనోగ్రాఫర్,
న్యూజెర్సీ