పేరులేని సైనికుని వేషము



క్రిస్మస్ నాటకమునకు వేషములు పంచునప్పుడు మేము ప్రతి యేట ఒక సంగతి చూచుచున్నాము. మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పములో గాని, హేరోదు వేషమునకు నలుగురు పోటీ పడుదురు. ఈటె పట్టుకొని వెనుక నిలువబడు సైనికుని వేషము వేయుమంటే మాత్రము, "అయ్యగారూ, నాకు ఒక్క మాట కూడా లేదే!" అని మూతి ముడుచుకొందురు.

అయితే అమెరికాలో కొందరు నల్లజాతి యౌవనస్థులు కోరి ఆ పేరులేని సైనికుని వేషమే వేయుచున్నారు. 1860లలో చాంబర్లేన్ దొరగారు మదనపల్లెలో సువార్త పని చేయుచుండగా, ఆయన స్వదేశమైన అమెరికాలో బానిసత్వమును గూర్చి ఘోర యుద్ధము జరిగెను (1861–1865). అందులో సుమారు 1,80,000 మంది నల్లజాతివారు సైనికులైరి. వారిలో అనేకులు అంతకు ముందు బానిసలే. నేటి యౌవనస్థులు వారివలె నీలిరంగు కోటు తొడిగి, గుడారములలో పండుకొని, ఆనాటి కవాతును ప్రజల యెదుట చేసి చూపుదురు.

వారు ఎక్కువగా తలంచుకొనునది మసాచుసెట్స్ 54వ పటాలమును. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. వీరికి 10 డాలర్లే ఇచ్చి, అందులో బట్టలకని 3 పట్టుకొనిరి. వీరు జీతమే ముట్టక, ఇంటివద్ద భార్యాబిడ్డలు ఇబ్బంది పడినను ఓర్చుకొనిరి. 1864లో ప్రభుత్వము సమాన జీతమునకు ఒప్పుకొనెను. 1863 జూలై 18న వాగ్నర్ కోట మీదికి పోయిన ఈ పటాలములో, బోధకుడు కావలెనని ఒకప్పుడు ఆశించిన విలియం కార్నీ యుండెను. ఆయన గాయములతోనే జెండాను కాపాడి తెచ్చెను. ఆయనకు పతకము వచ్చినది 1900లో, అనగా 37 ఏండ్లకు!

1897లో బోస్టన్ నగరములో ఈ పటాలమునకు స్మారకము కట్టి, చనిపోయిన తెల్ల అధికారుల పేర్లు చెక్కిరి. చనిపోయిన నల్ల సైనికుల పేర్లు చేర్చినది 1980లలోనే.

ఇది పరాయి కథ అనుకొనకుడి. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధమునకు మన దేశము నుండి పది లక్షలకు పైగా సముద్రము దాటిరి. 70,000కు పైగా మరణించిరి. ఆనాటి మద్రాసు రాజధానిలోని కొన్ని ఊళ్లలో ఇప్పటికిని చలువరాతి పలకలున్నవి. ఈ ఊరినుండి ఇంతమంది వెళ్లిరి, ఇంతమంది ప్రాణములిచ్చిరి అని వాటిమీద లెక్క యున్నది. పేర్లు లేవు!

యుద్ధమును పొగడుట మా ఉద్దేశము కాదు. మనుష్యుని లెక్కగా మార్చి మరచిపోవుట తప్పని చెప్పుచున్నాము. యొర్దాను దాటిన తరువాత యెహోషువ పండ్రెండు రాళ్లు నిలిపించినది, పిల్లలు వాటిని చూచి అడుగవలెననియే గదా (యెహోషువ 4). అడుగు పిల్లలు లేనియెడల రాయి మూగదే.

కాబట్టి యౌవనస్థులారా, ఈ నెల మీ అవ్వను, తాతను అడుగుడి. పాత ట్రంకుపెట్టెలో పతకమో, పింఛను కాగితమో ఉండవచ్చును. ఆ పేరు సంఘపు పుస్తకములో వ్రాయించుడి. వచ్చే క్రిస్మస్ నాటకములో ఈటె పట్టుకొని నిలువబడు పిల్లవాడు, మాటలు లేకపోయినను, తాను ఎవరి తరపున నిలిచెనో ఎరిగి నిలుచును గాక. ఆమేన్.